రేడియేటర్ ఫ్యాన్‌కు చేతి స్విచ్: రెండుసార్లు వైరింగ్ చేయించుకున్న నా అనుభవం

2024 ఏప్రిల్ 27, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. వడపళని నుంచి వలసరవాక్కం వచ్చే ఆర్కాట్ రోడ్డులో మెట్రో పనుల రేకుల పక్కన ఇరుక్కుపోయాం. ముందు సిటీ బస్సు, వెనక నీళ్ల లారీ. వెనక సీట్లో అమ్మ. కళ్ల పరీక్షకని నెల్లూరు నుంచి వచ్చింది. కళ్లలో చుక్కలు వేసి పంపారేమో, చెంగుతో కళ్లు మూసుకుని కూర్చుంది. మాది 1999 నాటి చిన్న కారు, కార్బ్యురేటర్ బండి. ఏసీలో గ్యాస్ పోయి రెండేళ్లయింది. కంపెనీ పేరెందుకులెండి, పాతికేళ్లు నడిచిన బండిలో ఒక స్విచ్ పోతే అది ఎవరి తప్పూ కాదు.

టెంపరేచర్ ముల్లు ఎప్పుడు పైకి పోయిందో నేను చూడలేదు. మా ఆవిడే చూసింది. "ఏవండీ, ఆ ముల్లు రోజూ అక్కడే ఉంటుందా?" అంది. చూస్తే ఎర్ర గీత మీద ఉంది. బండి ఆపేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. అక్కడే కొబ్బరి బోండాలమ్మే ఆయన పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తాడు. ఒక ఆటో డ్రైవర్ సాయం చేద్దామని రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే బోండాలాయన అతని చెయ్యి పట్టి లాగేశాడు. వేడి మీద ఆ మూత తీస్తే లోపలి నీళ్లు మొహాన చిమ్ముతాయి. ఆ రోజు ఆయన లేకపోతే నేను రాసేది వేరే అనుభవం అయ్యేది.

నలభై నిమిషాలు చెట్టు లేని చోట నిలబడ్డాం. అప్పుడు గమనించాను, ఇంజిన్ అంత కాగినా రేడియేటర్‌ను చల్లార్చే ముందున్న ఫ్యాన్ కదలనే లేదు. కాస్త చల్లారాక మిగతా రెండు కిలోమీటర్లు హీటర్ ఫుల్లుగా పెట్టి తోలాను. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కదా, ఇంజిన్ వేడిని కొంత లాగి మన మీదకు ఊదుతుంది. ఉపాయం పనిచేసింది, ముల్లు దిగింది. ఏప్రిల్ చివరి ఎండలో, మద్రాసులో, హీటర్! ఇల్లు చేరేసరికి మా ముగ్గురినీ చూసి వాచ్‌మన్ వాన పడుతోందా సార్ అని అడిగాడు.

మర్నాడు ఆదివారం మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. కుర్రాడు చురుకైనవాడే. బ్యాటరీ నుంచి నేరుగా ఒక ఎర్ర వైరు తగిలించి ఫ్యాన్ తిప్పి చూశాడు. తిరిగింది. "ఫ్యాన్ బాగుంది సార్, సెన్సార్ పోయింది. అది దొరికేదాకా ఒక స్విచ్ పెట్టేస్తా, కావలసినప్పుడు వేసుకోండి" అన్నాడు. బ్యాటరీ ప్లస్ నుంచి ఆ వైరే లోపలికి తెచ్చి, డ్యాష్‌బోర్డు కింద ఒక టాగుల్ స్విచ్ బిగించి, అక్కడి నుంచి మళ్లీ ఫ్యాన్‌కు లాగాడు. ఫ్యూజ్ వద్దా అని అడిగాను. పాత బండికి ఎందుకు సార్ అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ముప్పావు గంట పని, సామాను కలిపి 350 రూపాయలు. ఇంత చవగ్గా అయిపోయిందే అని ఆ రోజు మహా సంతోషపడ్డాను.

ఆ సంతోషం రెండు రోజులు. ఏప్రిల్ 30 రాత్రి ఆఫీసు నుంచి వచ్చి సెల్లార్‌లో బండి పెట్టాను. కరెంటు పోయి పక్కనే జనరేటర్ మోగుతోంది. ఆ మోతలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు నాకు వినపడలేదు. తాళం తీస్తే అన్నీ ఆగిపోతాయన్న అలవాటు మనది. ఈ స్విచ్‌కు తాళంతో సంబంధం లేదు, నేరుగా బ్యాటరీ మీద ఉంది. మే 1 పొద్దున తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. మా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. ఫ్యాన్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుందని తర్వాత తెలిసింది. లెక్కేస్తే నాలుగు గంటలు కూడా రాదు, నేను పది గంటలు వదిలేశాను. మే డే కాబట్టి షాపులన్నీ మూత. పై ఇంటాయన తన బండి తెచ్చి కేబుళ్లతో స్టార్ట్ చేయించేసరికి పదకొండయింది. ఆ తర్వాత నుంచి దిగేటప్పుడు స్విచ్ తడుముకోవడం, మెట్లెక్కాక అనుమానం వచ్చి మళ్లీ దిగి చూసుకోవడం. గ్యాస్ కట్టేశానా లేదా అని మా అమ్మ పడే అవస్థ ఏమిటో అప్పుడు తెలిసింది.

మే 4 శనివారం అసలు భయం. మద్రాసువాళ్లు అగ్ని నక్షత్రం అనే మండుటెండల కాలం మొదలైన రోజు. గిండీలో ఆఫీసు, సగం పూట పని. కత్తిపారా దగ్గర సిగ్నల్‌లో ఆగాను, ఫ్యాన్ స్విచ్ వేసే ఉంది. ఏదో వాసన. పొయ్యి పక్కన ప్లాస్టిక్ మగ్గు పెట్టి మరిచిపోతే వచ్చే వాసన. బయటి బళ్లదేమో అనుకున్నాను. అంతలో పక్క బైకతను అద్దం మీద తట్టి "సార్, పుగై వరుదు!" అన్నాడు. నా మోకాలి దగ్గర, డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నగా పొగ. స్విచ్ మీద చెయ్యి వేస్తే కాలింది. దాని పుల్ల మెత్తబడి ఒక పక్కకు వాలిపోయింది, ఎటు నొక్కినా ఆగడం లేదు. కాళ్లు తుడుచుకునే గుడ్డతో వైరు పట్టుకుని గుంజేశాను. ఆ ఊడిన కొస బాడీకి తగలకుండా పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ పక్కకు తీశాను. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ లేకుండా వచ్చిన వైరు అది. రేకుకు తగిలి ఉంటే ఏమయ్యేదో తర్వాత మూడు రాత్రులు పడుకున్నప్పుడల్లా గుర్తొచ్చింది.

కాలిన స్విచ్ ఇంకా దాచుకున్నాను. వీపు మీద 6 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంది. వోల్టులు చూసి ఇది గట్టిదే అనుకునేవాణ్ణి. చూడాల్సింది ఆంపియర్లు. ఫ్యాన్ తిరిగేటప్పుడు తొమ్మిది, మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడింతలు.

బస్సుకో రైలుకో పోదామంటే, మే 13న ఆంధ్రాలో పోలింగ్. అమ్మను ఊళ్లో దింపాలి, మా ఇద్దరి ఓట్లూ నెల్లూరులోనే. 11, 12 తేదీలకు నేను చూసిన ఏ బస్సులోనూ సీట్లు లేవు. కాబట్టి బండి బాగుపడి తీరాలి. వారం రోజులు టైముంది.

మే 6 సోమవారం సగం రోజు సెలవు పెట్టి, ఎండ ముదరక ముందే పాత బండి సామాన్ల బజారు పుదుపేట చేరుకుందామని ఆరున్నరకే బయల్దేరాను. ఏడుంపావుకల్లా చేరాను. మంచి తెలివే, కానీ షాపులు పదింటికి గాని తియ్యరు. మూడు టీలు తాగాను. ఆఫీసులో ఒకాయన చెప్పిన ఎలక్ట్రీషియన్ పదీ ఇరవైకి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మెడలో కళ్లద్దాలు, చేతిలో ఒక రేకు డబ్బా. నా అరకొర తమిళం రెండు ముక్కలు విని తెలుగులోకి దిగాడు. వాళ్ల తాతలది చిత్తూరు వైపట.

కాలిన వైరు చూసి, "ఎవురు నైనా ఇది చేసింది?" అన్నాడు. చెప్పాను. ఇంకేమీ అనకుండా ఇంజిన్ మీద ఒక ఇత్తడి ముక్కకు తగిలించి ఉన్న సన్నని వైరు పీకాడు. తాళం ఆన్ చెయ్యమని ఆ వైరు కొసను ఇంజిన్ రేకుకు ఆనించాడు. బానెట్ మూల నుంచి టక్ మని చప్పుడు, వెంటనే ఫ్యాన్ గిర్రున తిరిగింది. తీస్తే ఆగింది. ఆనిస్తే తిరిగింది. మూడుసార్లు చేసి నా మొహం చూశాడు.

"నువ్వు ఫ్యాన్‌ను లేపాలని చూస్తా ఉండావు. దాన్ని లేపేదానికి ఈడ ఒకడు ఉండాడు గదా" అంటూ ఆ మూలనున్న నల్ల డబ్బీని వేలితో కొట్టాడు. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. "వీణ్ణి లేపితే సాలు. వీడు ఫ్యాన్‌ను లేపుతాడు."

ఆయన చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ. మా బండిలో ఫ్యాన్‌కు వెళ్లే అసలు కరెంటు ఫ్యూజ్ దాటి, రిలే దాటి వెళ్తుంది. ఆ రిలేను లాగే చిన్న కాయిల్‌కు ఒక కొస తాళం నుంచి వస్తుంది, రెండో కొస ఆ ఇత్తడి ముక్కకు, అంటే కుర్రాడు సెన్సార్ అన్న థర్మో స్విచ్‌కు వెళ్తుంది. నీళ్లు కాగగానే థర్మో స్విచ్ లోపల కలిసి, ఆ కొసను ఇంజిన్ బాడీకి ఎర్త్ చేస్తుంది. అంతే, రిలే పడుతుంది. కాబట్టి ఆ సన్న వైరుకు ఒక కొమ్మ తీసి, లోపల స్విచ్‌కు తెచ్చి, స్విచ్ రెండో కాలును బాడీకి ఎర్త్ చేస్తే చేతి స్విచ్ అయిపోయింది. థర్మో స్విచ్ పని దానిదే, మన స్విచ్ పని మనదే. ఎవరు ముందు కలిపితే వాళ్ల మాట చెల్లుతుంది. మన స్విచ్‌లో పారేది రిలే కాయిల్ కరెంటు, పావు ఆంపియర్ కూడా ఉండదు. తాళం తీస్తే ఫ్యాన్ తానే ఆగుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, రేపు ఆ కొమ్మ వైరు ఎక్కడైనా ఒరుసుకుని రేకుకు తగిలినా మంట లేదు, పొగ లేదు. ఫ్యాన్ తిరుగుతుంది, అంతే.

అన్ని బళ్లూ ఇలా ఉండవట. కొన్నిట్లో థర్మో స్విచ్ ప్లస్ వైపు ఉంటుంది, కొత్త బళ్లలో ఫ్యాన్ సంగతంతా కంప్యూటరే చూసుకుంటుంది. "ముందు ఏ పక్క కలుస్తా ఉందో చూడాల, తర్వాతే కత్తెర తియ్యాల" అన్నాడు.

థర్మో స్విచ్ కొత్తది తెమ్మని జీపీ రోడ్డుకు పంపాడు. ఫోన్‌లో పాతదాని ఫొటో చూపించి 220 రూపాయలకు కొన్నాను. తెచ్చి ఇస్తే ఆయన చేతిలోకి తీసుకుని నవ్వాడు. మర లావు. ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోరని షాపులో బోర్డే ఉంది, నేనే చదవలేదు. ఫొటోలో మర కొలత కనపడదు కదా. ఆయన డబ్బాలోంచి అలాంటిదే చచ్చిపోయిన ముక్క ఒకటి తీసిచ్చాడు. దాన్ని పట్టుకుని మళ్లీ ఆటోలో పోయి, పక్కపక్కన పెట్టి చూసి 340కి తెచ్చాను.

నేను వచ్చేసరికి ఎర్ర వైరు మొత్తం పీకి చుట్ట చుట్టి నా సీట్లో పెట్టాడు. రేకులో రంధ్రం దగ్గర రబ్బరు బుష్ వేసి సన్న వైరు దూర్చాడు. జాయింట్లను మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, టంకం పెట్టి, పైన స్లీవ్ తొడిగి, లైటర్‌తో వేడి చేశాడు. ఎర్త్ కోసం బోల్టు కింద పెయింటు గీకి, రేకు తళతళ మెరిసేదాకా రుద్ది, అప్పుడు బిగించాడు. ఆ రుద్దడానికే పది నిమిషాలు పట్టింది. ఫ్యాన్ ప్లస్ వైరు నుంచి రెండు ఆంపియర్ల ఫ్యూజుతో ఇంకో సన్న వైరు తీసి, స్విచ్ పక్కన చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టాడు. ఫ్యాన్‌కు కరెంటు వెళ్తే అది వెలుగుతుంది, ఎవరు వేసినా సరే. "ఫ్యాన్ మోటారే చచ్చిందనుకో, ఇది మాత్రం వెలుగుతానే ఉంటాది. దీన్ని నమ్ముకోని ముల్లును మర్చిపోవద్దు" అన్నాడు. పచ్చ బల్బు అడిగాను, డబ్బాలో ఎర్రదే ఉంది. గంటన్నర పని, మొత్తం 650. థర్మో స్విచ్ కూడా మార్చమంటే ఒప్పుకోలేదు. "నాది కరెంటు పని నైనా, నీళ్ల పని కాదు."

ఆ నీళ్ల పని రాత్రి సెల్లార్‌లో నేనే చేసుకున్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ మైనస్ తీసి, పాత స్విచ్ విప్పాను. అర లీటరు పచ్చటి కూలెంట్ నా చెప్పుల మీద పడింది. ఆ రంధ్రానికి గుడ్డ కుక్కి, రెండు స్విచ్‌లూ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. పెద్దాయన చెప్పిన పరీక్ష చెయ్యకుండా బిగించబుద్ధి కాలేదు. పనికిరాని గిన్నె ఇమ్మంటే మా ఆవిడ పాత పాల గిన్నె ఇచ్చి, ఇక అది నా సొత్తేనని తేల్చేసింది. స్విచ్‌ను దారంతో కట్టి, ఇత్తడి వైపు మాత్రం నీళ్లలో మునిగేలా వేలాడదీసి, లోపల కలిస్తే బీప్ మనేలా పెట్టిన మల్టీమీటర్ ఒక పుల్ల కొసకు, ఒక పుల్ల మరకు ఆనించాను. పాతది నీళ్లు తెర్లుతున్నా మూగనోము పట్టింది. కొత్తది గిన్నె అడుగున బుడగలు లేచి, ఇంకా మరగకముందే బీప్ అంది. చెన్నైలో నీళ్లు మరిగేది 100 డిగ్రీలకు, అంటే దానికి కాస్త ముందే కలుస్తోందన్నమాట. పొయ్యి ఆపాక కాసేపటికి బీప్ ఆగింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఉడికిందా?" అంది.

మర మీద టెఫ్లాన్ టేపు చుట్టొద్దని పెద్దాయన ముందే హెచ్చరించాడు. దానికి ఎర్త్ అందేది మర ద్వారానే కదా. రాగి వాషరుతోనే బిగించి, 290 పెట్టి కొన్న లీటరు కూలెంట్‌లో కావలసినంత పోసి, రాత్రి పదకొండుకు స్టార్ట్ చేశాను. ఇరవై అయిదు నిమిషాలు ముల్లు వైపూ బల్బు వైపూ చూస్తూ కూర్చున్నాను. ముల్లు సగం దాటింది. బల్బు వెలగలేదు. ఇంకొంచెం ఎక్కింది. లేదు. చేతి స్విచ్ నొక్కితే టక్, గిర్రు, ఎర్ర బల్బు. నాలుగు నిమిషాల్లో ముల్లు దిగింది. చేత్తో వేస్తే పనిచేస్తోంది, తనంతట తాను మాత్రం లేవదు. ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఫోన్ చేస్తే పెద్దాయన అడిగింది ఒకటే. "గాలి తీసినావా?" స్విచ్ విప్పినప్పుడు లోపల గాలి చేరిందట. స్విచ్ మూతి దగ్గర గాలి బుడగ కూర్చుంటే చుట్టూ నీళ్లు కాగినా దానికి తెలియదు. ఆ సాయంత్రం బండి చల్లగా ఉన్నప్పుడే సెల్లార్ ర్యాంపు మీద ముక్కు పైకి ఉండేలా నిలిపి, రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, పై హోసును పిండుతూ కూర్చున్నాను. కుండలోంచి నీళ్లు పొంగినట్టు బుడబుడమని గాలి వచ్చింది. ఒక గ్లాసు కూలెంట్ పట్టింది, మూత బిగించాను. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ హారన్లు కొడుతుంటే ముప్పై అయిదు నిమిషాలు. అప్పుడు, నేను ముట్టుకోకుండా, ఆ ఎర్ర బల్బు వెలిగింది. రెండు నిమిషాలు తిరిగి ఆరింది. మళ్లీ వెలిగింది. ఆపకుండా ఆరుసార్లు చూశాను.

మే 12 ఆదివారం పొద్దున అయిదుంపావుకు బయల్దేరాం. రెడ్‌హిల్స్ దాటాక బల్బు వెలగనే లేదు, పరుగులో గాలే చాలు. నేనే ఉండబట్టలేక గుమ్మిడిపూండి దగ్గర ఒకసారి చేత్తో వేసి చూసి ఆపాను. నాయుడుపేట దాటాక టోల్‌గేట్ దగ్గర ఓట్లకు పోయే బళ్లు బారులు తీరి ఉన్నాయి. పది నిమిషాలు నత్తనడక. అప్పుడు వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ మాత్రం వెనక సీట్లోంచి ముందుకు వంగి, నా భుజం గట్టిగా పట్టుకుని, "ఒరే, ఎర్రలైటు! ఆపరా, ఆపు!" అని కేకేసింది. ఫ్యాన్ తిరుగుతోందని చెబితే నమ్మలేదు. నెల్లూరు చేరేదాకా అది వెలిగినప్పుడల్లా అదే వరస.

మే 14 రాత్రి తిరిగొచ్చాం. లెక్క చూస్తే 350, 220, 340, 290, 650, మొత్తం 1850. శనివారం ఆఫీసు అయ్యాక జీపీ రోడ్డుకు పోయి 40 రూపాయలకు పచ్చ బల్బు తెచ్చాను.